మడి గట్టు దాటిన నీరు

పట్టాలు అందుకుంటున్న మీకూ, వెనక వరుసల్లో మెడలు చాచి మిమ్మల్ని వెతుక్కుంటున్న మీ అమ్మానాన్నలకూ నా అభినందనలు.

ముప్పై ఏళ్లుగా నేను ఐరోపా ఏకీకరణ పాఠం చెబుతున్నాను. కొత్తలో మా పెదనాన్న ఏం చెబుతావురా అని అడిగితే అంతర్జాతీయ సంబంధాలు అన్నాను. ‘మంచిదే, మన చిన్నదానికి అమెరికాలో ఏదైనా ఉంటే చూడు’ అన్నాడు.

పెళ్లిసంబంధాల పేరయ్యలాగే మా చదువు కూడా ఆశ మీదే మొదలైంది. వేల్స్‌లోని ఆబరిస్ట్‌విత్‌లో 1919లో అంతర్జాతీయ రాజకీయాలకు మొదటి ఆచార్య పీఠం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ కాలేజీ విద్యార్థుల జ్ఞాపకార్థం పెట్టిన పీఠం అది. దేశాల నడవడిని శ్రద్ధగా చదివితే మళ్లీ యుద్ధం రాకుండా చూడొచ్చని దాతల నమ్మకం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే పీఠంలో ఉన్న ఇ.హెచ్. కార్ ఆ నమ్మకాన్ని ఊహాలోకమని తూర్పారబడుతూ పుస్తకం రాశారు. పుస్తకం 1939లో వచ్చింది. యుద్ధమూ ఆ ఏడాదే వచ్చింది.

మా రంగంలో పెద్ద గౌరవం జాఁ మోనే పేరిట యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఆచార్య పీఠం. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గునూ ఉక్కునూ ఒకే ఉమ్మడి అధికారం కిందికి తేవాలని 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి షూమాన్ చేసిన ప్రకటన వెనక ఉన్నది ఆ మోనేనే. ఆయన పదహారేళ్లకే చదువు మానేసి, ఇంటి వ్యాపారమైన బ్రాందీ అమ్మడానికి వెళ్లిన మనిషి. కాలేజీ గడప తొక్కలేదు. పట్టా చేతిలో పడిన రోజున ఈ ముక్క మీకు రుచించకపోవచ్చు.

నేను నిజంగా చెప్పాలనుకున్నది మాత్రం ఎర్నస్ట్ హాస్ గురించి. నాజీల బారి నుంచి తప్పించుకుని 1938లో అమెరికా చేరిన యూదు కుటుంబంలోని పిల్లవాడు ఆయన. పెరిగి బర్క్‌లీలో ఆచార్యుడయ్యాడు. తనను తరిమిన ఖండంలో ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు ఎలా పంచుకుంటున్నాయో చూసి 1958లో పుస్తకం రాశాడు. ఆయన వాదం మన వరిపొలంలో నిలబడి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక మడి నిండితే నీళ్లు గట్టు పొర్లి పక్క మడిలోకి పోతాయి. బొగ్గు ఉమ్మడిదైతే దాన్ని మోసే రైలు చార్జీల పేచీ వస్తుంది, దాని వెనకే పన్నుల పేచీ వస్తుంది. మిల్లు యజమానులూ కార్మిక సంఘాలూ తమ గోడు చెప్పుకోవడానికి సొంత రాజధాని వదిలి, ఆ ఉమ్మడి అధికారం కొలువైన లక్సెంబర్గ్ వైపు తిరుగుతారు.

కానీ ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ ఆ తూము మూసేశారు. 1965 జూలై నుంచి 1966 జనవరి దాకా ఆ ఆరు దేశాల మంత్రుల మండలిలో ఫ్రాన్స్ కుర్చీ ఖాళీ. హాస్ సాకులు వెతకలేదు. ప్రాంతీయ ఏకీకరణ సిద్ధాంతానికి కాలం చెల్లిందని 1975లో శీర్షికలోనే పెట్టి ప్రచురించాడు. పేరు తెచ్చిన పుస్తకాన్ని తన చేత్తోనే పక్కన పెట్టడమంటే చిన్న పని కాదు. తమాషా ఏమిటంటే, 1986లో ఒకే మార్కెట్ కోసం పన్నెండు దేశాలు సంతకాలు చేసేసరికి ఆ పాత పుస్తకాన్నే అందరూ దుమ్ము దులిపి తీశారు. తప్పు ఒప్పుకోవడంలో కూడా ఆయన కాస్త తొందరపడ్డాడన్నమాట.

ఈలోగా చరిత్రకారుడు అలన్ మిల్‌వర్డ్ ప్రభుత్వాల పాత ఫైళ్లు ముందేసుకున్నారు. దేశాలు కలిసింది త్యాగబుద్ధితో కాదు, యుద్ధంలో చితికిన తమ తమ ప్రభుత్వాలను నిలబెట్టుకోవడానికేనని 1992లో తేల్చారు. నా ఓటు ఆయనకే.

ఇక నా సంగతి. 2009 డిసెంబరులో అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందంలో, సభ్యదేశం బయటికి పోవడానికి 50వ అధికరణం పెట్టారు. ‘అలంకారం. ఎవరూ వాడరు’ అని నా నోట్సులో రాసుకుని, ఏటా అదే చెప్పాను. 2014లో, రాష్ట్రం విడిపోయాక, ఆస్తులూ అప్పులూ ఉద్యోగులూ నదీజలాల పంపకం గురించి రోజూ పేపర్లో చదువుతున్న పిల్లల ముందు నిలబడి కూడా అదే చెప్పాను. ఒకమ్మాయి లేచి, ‘గ్రీన్‌లాండ్ 1985లో పోయింది కదా సార్?’ అంది. అది దేశం కాదమ్మా, డెన్మార్క్‌లో భాగం అన్నాను. నేను చెప్పింది నిజమే. ఆ అమ్మాయి అడిగింది మాత్రం అది కాదు.

2016 జూన్ 24 పొద్దున టీవీ పెట్టాను. బ్రిటన్‌లో ఓటేసినవారిలో 51.9 శాతం మంది యూనియన్ వదిలి పోదామన్నారు.

ఆ నోట్సు కాగితం చింపలేదు. రాసింది కొట్టేసి, మార్జిన్‌లో ఆ అమ్మాయి ప్రశ్న రాసుకున్నాను. ఏటా మొదటి క్లాసులో చూపిస్తాను. నిరుడు ఒకబ్బాయి దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, ‘ఇది పరీక్షలో వస్తుందా సార్?’ అని అడిగాడు.

వస్తుందన్నాను.