తూటికూర: థాయి పద్ధతిలో వేపుడు



చెరువు గట్టున, పంటకాలువ అంచున నీటిమీద పాకే తూటికూర మీకు కొత్తది కాదు. పప్పులో వేసి వండుకొనేవారు కొందరున్నారు గాని, చాలామంది దాన్ని పీకి పశువులకు పడవేస్తారు. "ఉడికిస్తే నీరు, తింటే జిగట" అని ముఖం చిట్లించేవారూ ఉన్నారు. ఇదే కూరను థాయిలాండ్ దేశంలో కలిగినవారూ లేనివారూ ఇష్టపడి తింటారు. అక్కడ దీని పేరు ఫక్ బుంగ్. దానితో చేసే వేపుడును ఫత్ ఫక్ బుంగ్ ఫై దేంగ్ అంటారు. ఫై దేంగ్ అంటే ఎర్రని మంట. ఆ దేశంలో ఫిత్సనులోక్ అనే ఊరుంది. మన విష్ణులోకం అన్న మాటే అక్కడ అలా పలుకుతుంది. ఆ ఊళ్ళో వంటవాడు మూకుడులోని కూరను గాలిలోకి విసరితే, వడ్డించేవాడు దూరాన నిలబడి పళ్ళెంలో పట్టుకొంటాడు! ఆ విద్య మనకు అక్కరలేదు. వండే పద్ధతి మాత్రం నేర్వదగినది.

మన వంటలో లోపం ఎక్కడుంది? ఆకుకూరను గిన్నెలో పోసి, నీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్నని సెగమీద పావుగంట మగ్గిస్తాము. రంగు పోతుంది, సి విటమిన్ చాలావరకు పోతుంది, ఊరిన నీళ్లు పారబోస్తే ఉన్న సారమూ పోతుంది. థాయివారు దీనికి తలక్రిందులుగా చేస్తారు. నీళ్లు లేవు, మూత లేదు, పెద్ద సెగ, రెండు నిమిషాల పని.

అయితే పొయ్యి వెలిగించక ముందు, కూర ఎక్కడ కోసినదో చూడవలెను. ఇది రుచికంటె ముఖ్యము. తూటికూర తానున్న నీటిలోని మంచినీ చెడ్డనూ కూడా పీల్చుకొంటుంది. పట్టణపు మురుగునీరు, కార్ఖానాల నీరు కలిసే కాలువలో పెరిగిన కూరలో సీసం, కాడ్మియం వంటి లోహాలు చేరుతాయి. ఎంత కడిగినా, ఎంత ఉడికించినా అవి పోవు. చూడడానికి అటువంటి కూరే ఏపుగా, నిగనిగలాడుతూ ఉంటుంది, అదీ చిక్కు! పురుగుమందు చల్లిన వరిచేను నుండి నీరు దిగే బోదెలో కూడా కోయకండి. నీటి మొక్కలను అంటుకొని కొన్ని పేగు పురుగుల పిల్లలుంటాయి. అవి బాగా వేడి తగిలితే చస్తాయి. థాయిలాండ్‌లో లేత కాడలను పచ్చివిగా నంజుకొంటారు గాని, మనం చెరువు కూరను పచ్చిగా తినరాదు.

ఇంకొక మాట. గట్లమీద మనిషెత్తు పొదలుగా పెరిగి, పెద్ద గులాబి రంగు పూలు పూసే మొక్కనూ కొన్ని చోట్ల తూటికాడ అంటారు. కొందరు లొట్టపీసు అంటారు. అది విషము, మేకలు తింటే జబ్బుపడతాయి. కూరకు పనికివచ్చేది నీటిమీదగాని తడినేలమీదగాని పాకుతుంది. కాడ బోలుగా ఉంటుంది. కణుపు కణుపుకూ వేళ్లు వేస్తుంది. విస్తరణ కార్యకర్తలు ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూపించడం మేలు. పేరు చెప్పి ఊరుకొంటే చాలదు.

ఇక వంట. నలుగురికి అర కిలో లేత కూర తీసుకోండి. మూడు నాలుగు నీళ్లలో కడిగి, గుడ్డమీద పరచి తడి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే నూనె చిందుతుంది, కూర వేగదు, ఉడుకుతుంది. రెండంగుళాల ముక్కలుగా త్రుంచి, కాడలు వేరు, ఆకులు వేరు పెట్టండి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, నాలుగు పచ్చిమిరపకాయలు కచ్చాపచ్చాగా దంచండి. థాయివారు ఇందులో పులియబెట్టిన సోయా చిక్కుడు ముద్ద, చేపల ఉప్పురసం, చిటికెడు పంచదార వేస్తారు. మనకు దుకాణంలో దొరికే సోయా సాసు రెండు చెంచాలు, కొద్దిగా బెల్లపు పొడి చాలు. సాసులోనే ఉప్పున్నది కనుక రుచి చూచిగాని ఉప్పు వేయకండి.

ఇనుప మూకుడును బాగా కాలనిచ్చి రెండు గరిటెల నూనె పోయండి. నూనె కాగగానే వెల్లుల్లి, మిరప ముద్ద వేసి, నాలుగుసార్లు తిప్పి కాడలు వేయండి. అర నిమిషం తరువాత ఆకులు, సాసు, బెల్లం వేసి ఆపకుండా ఎగదిప్పండి. ఆకు వాడి, కాడ ఇంకా కరకరలాడుతుండగా దించవలెను. కూర అంతా ఒక్కసారే కుమ్మరించితే మూకుడు చల్లబడి నీరూరుతుంది, కనుక రెండు వాయిలుగా చేయండి.

ఎర్రమంట పేరు విని మూకుడులో మంట లేపడానికి ప్రయత్నించకండి. అక్కడి వంటవాండ్రు ఆరుబయట పెద్ద పొయ్యిలమీద చేసే పని అది. మన వంటిండ్లలో పై తాటాకు, ఒంటిమీద నైలాను చీర! రుచినిచ్చేది మూకుడు కాక, పైకి లేచే మంట కాదు. కొంగు నడుముకు దోపుకొని నిలబడండి.

థాయిలాండ్‌లో దీనిని పలుచని గంజి అన్నంతోకూడా తింటారు. మన గంజి అన్నానికీ ఇది బాగా నప్పుతుంది. దించిన తరువాత నిమ్మరసం పిండితే కూరలోని ఇనుము ఒంటికి ఎక్కువగా పడుతుంది, ఇది మన చేర్పు. నూనె ఉన్నందువల్ల ఏ విటమిన్‌గా మారే కెరోటిన్ కూడా బాగా పడుతుంది. పిల్లలకైతే మిరప తగ్గించి చేయండి.

చెరువు నీటిని నమ్మలేనివారు పెరటిలోనే పెంచుకోవచ్చును. బావి దగ్గర స్నానపు నీరు పారేచోట వద్దు, మంచి నీరు పెట్టగల మడి కావాలి. జానెడు కాడలను రెండు మూడు కణుపులు మట్టిలోకి పోయేట్లు నాటితే చాలు, వేళ్లు వేస్తాయి. విత్తనమైతే ఒక రాత్రి నానబెట్టి సాళ్లలో చల్లండి. మడి ఎప్పుడూ తడిగా ఉండాలి. నాలుగైదు వారాలలో మొదటి కోతకు వస్తుంది. మొదట రెండు కణుపులు వదలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. కోసి మిగిలిన కాడలను మాత్రం కాలువలోకి విసరకండి. ప్రతి కణుపూ ఒక మొక్కై నీటిదారిని మూసివేస్తుంది, వాటిని గొడ్లకు వేయండి, లేదా ఎండలో బాగా ఎండబెట్టి పెంటకుప్పలో కలపండి.