తొలి ఏడే ఓడిన జట్టు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువుభత్యం బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు కనుక, నాకిచ్చిన పది నిమిషాలూ ఒక ఆట గురించి మాట్లాడతాను. అమెరికాలో పిల్లలున్నవారు మనలో చాలామందే. శనివారం వస్తే ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఎందుకు కేకలు వేస్తారో తెలియక పక్కగదిలో కూర్చున్నవారికి ఇది పనికిరావచ్చు.

2018లో మా అబ్బాయి దగ్గర నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో ఆరు నెలలు ఉన్నాను. వారి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి, లేకుంటే బంతి ఎదుటివారిది. ఈపాటి తెలిస్తే చాలు, మిగతాది మనవడు చెబుతాడు.

ఆ రాష్ట్రానికి లింకన్‌లోని విశ్వవిద్యాలయం జట్టే సర్వస్వం. ఆ జట్టు 2017లో 4 గెలిచి 8 ఓడితే, కోచ్‌ను పంపేసి స్కాట్ ఫ్రాస్ట్‌ను తెచ్చుకున్నారు. 1997లో జాతీయ విజేతగా నిలిచిన జట్టును మైదానంలో నడిపింది ఆయనే. 2015లో 12కు 12 ఓడిన సెంట్రల్ ఫ్లోరిడా జట్టును 2017లో 13కు 13 గెలిపించిన ఘనత కూడా ఉంది. ఇంటి బిడ్డ ఇంటికి వచ్చాడని ఊరూవాడా సంబరం. ఏడేళ్ళకు 3.5 కోట్ల డాలర్ల ఒప్పందం.

తొలి ఆట పిడుగుల వానతో రద్దయింది. తరువాత వరుసగా ఆరు ఓటములు! ఆ జట్టు చరిత్రలో అలాంటి ఆరంభం అదే మొదటిసారి. మిషిగన్ చేతిలో 56-10. అంతకన్నా బాధపెట్టినది నార్త్‌వెస్టర్న్‌తో ఆట. చివరి రెండు మూడు నిమిషాల వరకు పది పాయింట్ల ఆధిక్యం. అవతలివారు 99 గజాలు నడిచి సమం చేశారు, అదనపు ఆటలో 34-31తో గెలిచారు. మా మనవడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అక్టోబరు 20న లింకన్ వెళ్ళాం. ఆరు ఓడిన జట్టును చూడటానికి ఎవరొస్తారనుకుంటారు? స్టేడియమంతా ఎర్రచొక్కాలే. 1962 నుంచీ అక్కడ టిక్కెట్లు మిగిలిన ఆట లేదట. మా పక్క సీటు ముసలాయన, “మా నాన్న కూర్చున్న చోటే కూర్చున్నాను, గెలుపోటములు చూసి వచ్చేవాళ్ళం కాదు” అన్నాడు. ఆ రోజు మిన్నెసోటాపై 53-28తో గెలిచారు. చివరికి లెక్క మళ్ళీ 4-8.

ఆఫీసులో కొత్త అధికారి వచ్చిన ఏడాదే పెండింగు ఫైళ్ళన్నీ ఆయన ఖాతాలో వేయకూడదని నేను అనేవాణ్ణి. ఇక్కడా అదే నా అభిప్రాయం. అయితే అవే తప్పులు మళ్ళీ మళ్ళీ జరిగితే మాట వేరు. 2021లో తొమ్మిది ఓడారు, తొమ్మిదీ తొమ్మిది పాయింట్లలోపు తేడాతోనే! మూడేళ్ళయినా చివరి నిమిషాల తడబాటు పోలేదన్నమాట.

2022 సెప్టెంబరులో తొలగించారు. మొత్తం 16 గెలుపులు, 31 ఓటములు. అక్టోబరు 1 దాకా ఆగితే పరిహారం సగమయ్యేది. ఆగలేదు, సుమారు 1.5 కోట్ల డాలర్లు. మన ఆడిట్‌వారికి ఆ ఫైలు దొరికితే ఎన్ని అభ్యంతరాలు రాసేవారో!

మరుసటి శనివారం ఓక్లహోమా చేతిలో 49-14తో ఓడారు. స్టేడియం మాత్రం నిండుగానే ఉందని మా మనవడు ఫోనులో చెప్పాడు. సెలవు.