పాల లెక్కల నకళ్లు – వాటి భద్రత

(ప్రాథమిక సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పోసిన పాలు ఆ పూటే ట్యాంకరు ఎక్కిపోతాయి. మర్నాటికి ఎవరింట్లోనో కాఫీ అయిపోతాయి. మనం పోశామనడానికి మిగిలే సాక్ష్యం ఒక్కటే – లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. రాసిన పద్దు. బిల్లుకైనా, బోనసుకైనా అదే ఆధారం. ఆ పద్దు ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరులో ఉంటున్నది.

రిజిస్టరుకు చెద భయం, కంప్యూటరుకు దొంగ భయం. 2017 మే నెలలో వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము అనేక దేశాలలో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రికి ఇటువంటి దెబ్బే తగిలి, రోజుల తరబడి పనులు చేతిరాతతో నడిచాయి. కనుక నకలు తప్పనిసరి.

మరి ప్రతి రాత్రీ మొత్తం లెక్కకు నకలు తీస్తే చోటెక్కడిది? ఇందుకు డీడూప్లికేషన్ స్టోరేజి అనే సాధనం వచ్చింది. ఉదాహరణకు నూరు పేజీల రిజిస్టరులో రోజుకు రెండు పేజీలే మారుతాయనుకోండి. ముప్ఫై రాత్రుల నకళ్లు 3000 పేజీలు. ఈ సాధనం లెక్కను చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకు వేలిముద్ర వంటి గుర్తు కట్టి, వచ్చిన ముక్కే మళ్లీ వస్తే దాచదు. పాతదాన్ని చూపే గుర్తు మాత్రం రాసుకుంటుంది. అప్పుడు 158 పేజీల చోటు సరిపోతుంది.

అయితే దానిని అమర్చడంలో కొన్ని జాగ్రత్తలున్నాయి.

ఒకటి: లెక్కను ముందే కుదించిగాని, రహస్య లిపిలోకి మార్చిగాని పంపకూడదు. అలా చేస్తే ఒకే పేజీ ప్రతిసారీ కొత్తదిగా కనిపించి, చోటు ఆదా కాదు. ఆ రెండు పనులూ సాధనానికే వదలాలి.

రెండు: గడువు తీరిన నకళ్లు చెరిపినంతనే చోటు ఖాళీ కాదు. శుభ్రపరిచే పని వేరే జరగాలి. దానిని నకళ్లు తీసే వేళకు కాక, వేరే వేళకు పెట్టాలి.

మూడు: గడువు లోపల ఎవరూ చెరపలేని తాళం పెట్టించాలి. బిల్లుల కంప్యూటరు పాస్‌వర్డు దీనికి వాడరాదు.

నాలుగు: ఒక్క ముక్క మీద ముప్ఫై నకళ్లు ఆధారపడి ఉంటాయి. అది చెడితే ముప్ఫైకీ ముప్పే. కనుక వేరే ఊళ్లో రెండవ సాధనం ఉండాలి. దానికి కొత్త ముక్కలే పంపవచ్చు గనుక సన్నని లైను అయినా సర్దుకుంటుంది.

ఐదు: ముక్కలన్నీ ఏరి కూర్చాలి కాబట్టి, తిరిగి తీయడానికి వ్యవధి పట్టవచ్చు. ఎంత పడుతుందో ముందే చూసుకోవాలి. నెలకొకసారి ఏదో ఒక సంఘం బిల్లును నకలు నుండి తీసి, సభ్యుల పాస్ పుస్తకాలతో సరిపోల్చాలి. తీసి చూడని నకలును నమ్మరాదు.

ఇవి యూనియన్ ఇంజనీర్లు చేయవలసిన పనులు. మనం చేయవలసినవి రెండు. పాలు పోసిన చీటీలు బిల్లు చేతికొచ్చేదాకా పారవేయకండి. సర్వసభ్య సమావేశంలో లేచి, “రెండవ నకలు ఎక్కడ ఉంది? చివరిసారి ఏనాడు తీసి చూశారు?” అని అడగండి. అది సభ్యుల హక్కు. తేదీతో సహా జవాబు వచ్చేదాకా కూర్చోకండి.