యుద్ధభూమిలో పిట్టగూళ్ళు



అమెరికాలో సరటోగా అనే చోట 1777లో పెద్ద యుద్ధం జరిగింది. బ్రిటిష్ సైన్యం ఓడి లొంగిపోయింది. ఆ నేల ఇప్పుడు పార్కు. ఆనాటిలాగే బయళ్ళుగా ఉంచారు.

ఆ గడ్డి పిట్టలకు కలిసొచ్చింది. మే నెలలో బాబోలింక్ పిట్టలు పురిటికొచ్చే ఆడపడుచుల్లా వస్తాయి. దక్షిణ అమెరికా నుంచి వేల మైళ్ళు ఎగిరొస్తాయి. గడ్డిలో, నేలమీదే గూడు కడతాయి. పిల్లలకు పురుగులు తెచ్చిపెడతాయి. చలి రాకముందే తిరిగి వెళ్ళిపోతాయి.

పిల్లలుండగా గడ్డి కోస్తే? గూడు పోతుంది. పిల్లలు చస్తాయి. అందుకే అక్కడ పిల్లలకు రెక్కలొచ్చాకే గడ్డి కోస్తారు.

మన చేలలో కౌజులూ నేలమీదే గుడ్లు పెడతాయి. కొడవలి వేసేముందు ఒక్కసారి చూద్దాం. గూడు కనిపిస్తే ఆ నాలుగు పరకలూ వదిలేద్దాం.