సారె లేని కుమ్మరిపని



కుమ్మరిపని నేర్వవలెనను కోరిక కలిగియు, సారె, ఆవము కొనజాలమని పలువురు వెనుదీయుదురు. సారె పుట్టుటకు ముందే మానవుడు చేతితోనే కుండలు చేసెను. మనమును అట్లే ఆరంభింపవచ్చును.

ఈ రాజధానిలో ఉత్తమ్ నగర్ కుమ్మరుల నడిగి అయిదు కిలోల మట్టి తెచ్చుకొనుడు. గోనెగుడ్డ, పాత కత్తి, గిన్నెడు నీరు ఇంటనే యున్నవి. బాగుగా పిసికిన ముద్ద నడుమ బొటనవ్రేలు దించి అంచులు నొక్కినచో ప్రమిద యగును. మట్టిని త్రాడువలె పేని, చుట్టలు పేర్చి అతికినచో పూలకుండీ యగును. అతుకుచోట గీరి, పలుచని మట్టినీరు పూయవలెను. గోడలు అరంగుళమునకు మించరాదు. వారము దినములు నీడలో ఆరనిండు. తడి మిగిలినచో అది మంటలో ఆవిరియై పాత్రను పగులగొట్టును. కాల్చకమునుపు చెడిన పాత్రను నానవేసినచో మరల మట్టియే, నష్టము లేదు.

కాల్చుటయే కష్టము. దాదాపు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడి దాటనిదే మట్టి నీటికి కరగని పాత్ర కాదు; వంటింటి పొయ్యి అందుకు చాలదు. కనుక కుమ్మరి ఆవములో, వారడిగిన కూలి యిచ్చి కాల్పించుకొనుడు. ఒక్క ప్రమిద చేసి చూచినవారికి, దీపావళినాడు వీధిలో ప్రమిదలకు బేరమాడ నోరు రాదు. మన వేడుక వారి వృత్తికి ఆదరువగుగాక!