ఎత్తు పెంచిన జీపు – వదులైన స్టీరింగు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో వైద్యులు బి.పి. గురించి, షుగరు గురించి చెప్పడం వాడుక. ఈసారి కార్యదర్శిగారు నన్ను నిలబెట్టి, "మీకు తెలిసిన వైద్యం మీరూ చెప్పండి" అన్నారు. ముప్పైరెండేళ్లు వాహనాల షెడ్డులో గడిపినవాడిని. నాకు తెలిసిన రోగి జీపు ఒక్కటే.

పెన్షనర్లకు జీపుతో పనేమిటని మీరనుకోవచ్చు. మనకు లేదు గాని మన మనవలకు ఉంది. పాత జీపు కొనడం, కమాన్ల దగ్గర ఎత్తు పెంచడం, పెద్ద టైర్లు తొడగడం, ఆదివారం వస్తే మారేడుమిల్లి దాటి గుడిస కొండ ఎక్కడం ఇప్పటి సరదా. సరదాను కాదనను. ఆ బండిలో మనింటి పిల్లలే కూర్చుంటారు, చాలాసార్లు మన పెన్షను డబ్బే దానిలో పడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మన ప్రాంతానికి జీపు కొత్త కాదు. మహీంద్రావారు విల్లీస్ జీపులను మన దేశంలో అమర్చడం మొదలుపెట్టారు. తరువాతి కాలంలో కాలువ గట్లమీద, ఏజెన్సీ దారులలో జీపు లేని ప్రభుత్వ పని లేదు. 1986 ఆగస్టు గోదావరి వరదల రోజులు మనలో చాలామందికి గుర్తే. ఆ పాత జీపుకు ముందూ వెనుకా కమాను కట్టలే. దాని ఎత్తు, స్టీరింగు కడ్డీల వాలు, చక్రం నిలిచే కోణం ఒకదానికొకటి లెక్క చూసి పెట్టినవి. ఒకటి మార్చితే మిగిలినవి ఊరుకోవు.

ఎత్తు పెంచితే ఏమవుతుంది? స్టీరింగు పెట్టె చట్రంతోపాటు పైకి పోతుంది, ఇరుసు కిందనే ఉంటుంది. రెంటినీ కలిపే డ్రాగ్ లింకు బాగా ఏటవాలుగా తయారవుతుంది. అప్పుడు గుంటలో పడి ఇరుసు పైకి లేచినప్పుడల్లా ఆ కడ్డీ చక్రాన్ని పక్కకు తోస్తుంది. డ్రైవరు తిప్పకుండానే బండి తిరుగుతుంది. పొడుగు షాకిళ్లు వేస్తే ఇరుసు కాస్త ఒరిగి, కింగ్ పిన్నుకు ఉండవలసిన వెనుకవాలు మారిపోతుంది. ఆ వాలు తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగు తనంత తాను నిటారుకు రాదు. పెద్ద టైర్ల బరువు హబ్ బేరింగుల మీద, కీళ్లన్నిటి మీద పడుతుంది. అరిగిన కీలు మామూలు జీపులో గొణుగుతుంది, ఎత్తైన జీపులో అరుస్తుంది.

మా వీధిలో ఒక పెన్షనరు మిత్రుని మనవడు అలాంటి బండే తెచ్చాడు. స్టీరింగు నాలుగు వేళ్ల మేర ఖాళీగా తిరుగుతోంది. యాభై కిలోమీటర్ల వేగంలో గతుకు తగిలితే ముందు చక్రాలు గిలగిల కొట్టుకుంటున్నాయి. ఒక షెడ్డులో స్టీరింగు పెట్టె మార్చారు. మరొక చోట స్టీరింగు డాంపరు బిగించారు. డబ్బు తాతగారిది. రోగం మాత్రం అలాగే ఉంది. శనివారం సాయంత్రం నా దగ్గరకు వచ్చి, "తాతయ్యగారూ, తెల్లారేసరికి గుడిస వెళ్లాలి, ఒకసారి బిగించి ఇవ్వండి" అన్నాడు. "బాబూ, బిగించడం ఆఖరి పని. ముందు వెతుకుదాం" అన్నాను.

వెతకడానికి ఒక వరస ఉంది. మీ ఇంట్లో ఎవరైనా చేయవచ్చు.

మొదట టైర్లు. గాలి సరిగా ఉందా, అరుగుదల ఎలా ఉందో చూడాలి. ట్రెడ్డు మీద చెయ్యి రాస్తే ఒకవైపు నున్నగా, మరోవైపు రంపంలా తగిలితే చక్రాల అలైన్‌మెంటు తప్పినట్టు. అక్కడక్కడ గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లనో, బ్యాలెన్సునో, వదులైన కీళ్లనో అనుమానించాలి.

రెండవది, బండిని చదును నేలమీద నిలిపి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించాలి. పవర్ స్టీరింగు అయితే ఇంజను ఆన్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండు బ్రేకు వేసి ఉంచాలి. మరొకరు పక్కనుండి స్టీరింగు గొట్టం కీలు, పెట్టె, దాన్ని చట్రానికి పట్టే బోల్టులు, డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు వరసగా చూస్తూ రావాలి. ఒక కీలుకు ఇటువైపు కదలిక ఉండి, అటువైపు అందకపోతే ఆట అక్కడే. పెట్టె లోపల ఎంత మంచిదైనా, దాని బోల్టులు వదులైతే లేక చట్రం అక్కడ చిట్లితే స్టీరింగు నిలవదు.

మూడవది, వెనుక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ముందు ఇరుసును ఎత్తి గట్టి స్టాండుపై ఆనించాలి. జాకీని నమ్మి బండి కిందకు దూరవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఊగితే, లోపలివారిని బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే ఆట హబ్ బేరింగులో ఉంది. ఆగకపోతే కింగ్ పిన్నులో ఉంది. కుడీ ఎడమా పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్లు చూడాలి.

నాలుగవది కమాన్లు. చక్రం నడిమి నుండి మడ్‌గార్డు అంచు వరకు రెండు పక్కలా కొలవండి. ఒకవైపు తగ్గితే కమాను కుంగినట్టు, లేదా పట్టీ విరిగినట్టు. సెంటరు బోల్టు తెగితే ఇరుసే పక్కకు జరుగుతుంది. అప్పుడు స్టీరింగు నిటారుగా ఉన్నా బండి ఒరగి నడుస్తుంది. యూ బోల్టులు, షాకిల్ బుష్షులు, షాక్ అబ్జార్బర్ల నూనె కారడం కూడా ఆ పూటే చూడాలి. మన డెల్టా బురద, వరద నీరు కీళ్లలోని గ్రీజును కడిగేస్తాయి. నీళ్లలో దిగిన బండికి మర్నాడే కొత్త గ్రీజు పట్టించాలి.

2020లో వచ్చిన కొత్త థార్‌కు కమాన్లు లేవు. కాయిల్ స్ప్రింగులు, ముందు చక్రాలకు వేరువేరు చేతులు. దానిలో కింగ్ పిన్ను బదులు బాల్ జాయింట్లు, చేతుల బుష్షులు చూసుకోవాలి. వెతికే వరస మాత్రం ఇదే.

మా మిత్రుని మనవడి బండిలో పైనా కిందా పట్టి ఊపితే చక్రం టకటకలాడింది. బ్రేకు తొక్కినా ఆగలేదు. కుర్రవాడిచేతనే పట్టించి ఊపించాను. అతని ముఖంలో రంగు మారింది. కింగ్ పిన్ను బేరింగులు పొడిపొడి అయిపోయాయి. కొత్త పెట్టె, డాంపరు ఆ ఆటను దాచాయే గాని మాన్పలేదు. గుడిస ప్రయాణం ఆగింది. బేరింగులు మార్చి, షిమ్ము రేకులు సరిచూసి, పొడుగు షాకిళ్లు తీసి పాతవి వేశాం. అలైన్‌మెంటు చేయించాక నాలుగు వేళ్ల ఆట ఒక వేలికి వచ్చింది, చక్రాల కొట్టుడు పోయింది.

పెట్టె స్క్రూను ముందే బిగించవద్దని చెప్పేది ఇందుకే. అతిగా బిగిస్తే నిటారులో బాగున్నట్టుండి, మలుపులో స్టీరింగు పట్టేస్తుంది. ఘాటు రోడ్డులో అది ప్రాణాంతకం. నడుస్తుండగా చక్రాలు కొట్టుకుంటే గట్టిగా బ్రేకు తొక్కవద్దు. స్టీరింగు నిబ్బరంగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, నెమ్మదిగా వేగం తగ్గించండి. ఆ తరువాత బాగుచేయనిదే బండి తీయవద్దు.

చట్టం మాట కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే స్థిరపరచింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కు రావచ్చు.

మిత్రులారా, మన కాలువ గట్టుమీద ఒక చక్రం జానెడు పక్కకు పోతే కింద నీళ్లు. ఘాటులో జానెడు పోతే లోయ. నాలుగు వేళ్ల ఆటంటే ఆ జానెడే. మీ మనవడు బండి తాళాలు తీసుకున్నప్పుడు "జాగ్రత్త నాయనా" అని ఊరుకోక, "చక్రం ఊపి చూశావా?" అని అడగండి.