మోటరును నడపాల్సింది నీటిమట్టం
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాత్రిపూట చేనుకు పోయి, తడి చేతులతో స్టార్టర్ డబ్బా ముట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు మనకు కొత్త కాదు. పాముకాట్లు సరేసరి. వేళాపాళా లేకుండా కరెంటు ఇచ్చిన రోజుల్లో ఆ తిప్పలు పడలేకే మనం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం. అది రైతు తప్పు కాదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం అడిగింది. కారణం ఉంది. ఆటో స్టార్టర్‌కు తెలిసేది కరెంటు వచ్చిందనే ఒక్క సంగతే. తొట్టి నిండిందో, బోరు ఎండిందో దానికి తెలియదు.

ఒక లెక్క చూడండి. మీ తొట్టి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉందనుకుందాం. 50 వేల లీటర్లు పడతాయి. బోరు గంటకు 10 వేల లీటర్లు పోస్తే 5 గంటల్లో నిండుతుంది. రాత్రంతా 10 గంటలు నడిస్తే మిగతా 50 వేల లీటర్లు పొర్లిపోయినట్టే. అవి మన బోరు నీళ్లే, పక్క రైతు బోరు నీళ్లు కూడా. పైగా కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే, ఒక్కోటి మామూలు కంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి.

మరి ఏం చేయాలి? తొట్టిలో ఫ్లోట్ స్విచ్ పెట్టుకోండి. నీళ్లు అడుగుకు దిగినప్పుడు మోటరు ఆన్ కావాలి, అంచుకు అర అడుగు ఉండగా ఆగాలి. ఈ రెండు మట్టాల మధ్య ఎడం తక్కువైతే మోటరు మాటిమాటికీ లేచి చెడిపోతుంది. బోరు వైపు డ్రై రన్ రక్షణ తప్పనిసరి. నీళ్లు తగ్గితే మోటరు లాగే కరెంటు పడిపోతుంది, అది గమనించి ఆపేస్తుంది. మళ్లీ నీళ్లు ఊరేదాకా ఆగేలా టైమర్ పెట్టించండి. దీనికి సిమ్ కార్డు స్టార్టర్ జోడిస్తే ఇంటి నుంచే ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. అయితే సిగ్నల్ లేకున్నా మోటరు ఆగాలి. అందుకే ఆపే పని ఫోన్ మీద వదలొద్దు, ఫ్లోట్‌కే అప్పగించండి.

రెండు జాగ్రత్తలు మరవొద్దు. నీళ్లలో ఉండే ఫ్లోట్ వైరుకు 12 లేదా 24 వోల్టులే ఇప్పించండి. దూరం నుంచి నడిచే మోటరు ఎప్పుడు లేస్తుందో పక్కనున్న మనిషికి తెలియదు. మెయిన్ తీసి, ఫ్యూజులు జేబులో వేసుకున్నాకే మోటరు మీద చెయ్యి వేయండి. ఇంట్లో వాళ్లకు, కూలీలకు కూడా ఈ మాట చెప్పండి.

నీళ్లు పొదుపు చేయమని రైతుకు చెప్పడం తేలిక. ఈ సామాను ఖర్చంతా రైతు నెత్తిన వేస్తే కౌలు రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? డ్రిప్‌కు ఇచ్చినట్టే వీటికీ సబ్సిడీ ఇవ్వాలి. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కు సరైన ఎర్తింగ్ ఉండాలి. పగటిపూట కోతల్లేని కరెంటు కావాలి. ఈ మూడు డిమాండ్లతో ఊరూరా సంతకాలు సేకరిద్దాం. మోటరు ఆన్ చేయడానికి పోయిన రైతు క్షేమంగా ఇంటికి తిరిగి రావాలి.